గనియు, గడపయు

మా ఊరు కొల్లూరు. కృష్ణ సముద్రమును చేరబోవుచోట, నదికి పడమటి వైపున, లంకగ్రామములను ఎదుట నుంచుకొని యున్న ఊరు. పసుపు, కంద, అరటి మా నేల యిచ్చు సిరి. ఈ ప్రాంతమునందే నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుంటిని. చరిత్రపాఠములో కోహినూరు మాట వచ్చినప్పుడెల్ల వెనుకబల్లమీది పిల్లవాడెవడో లేచి, "అయ్యా! కోహినూరు కొల్లూరులోనే దొరికిందంట గదండీ. ఆ గని మన ఊళ్లో ఎక్కడుందండీ?" అని యడుగుచుండెడివాడు. "నాయనా! అది వేఱొక కొల్లూరు. ఇదే కృష్ణ ఒడ్డున, ఎగువను, పల్నాటిలో బెల్లంకొండ ప్రాంతమున నుండెడిది. మనకు దక్కినది దాని పేరును, దానిని కడిగివచ్చిన నీరును మాత్రమే" అని చెప్పెడివాడను. పిల్లలు చిన్నబోయి కూర్చుండెడివారు.

నిరుటి సంక్రాంతికి ఆ పిల్లలలో నొకడు, ఇప్పుడు నలుబదియేండ్లవాడు, పట్టణమునుండి వచ్చి నన్ను చూడబోయెను. కుశలప్రశ్నములైన పిమ్మట తన ఫోను నా చేతికిచ్చి, "మాస్టారూ! మీ పింఛను సొమ్ములో ఒక లక్ష ఇందులో పెట్టండి. దీన్ని బిట్‌కాయిను మైనింగంటారు. పెద్ద పెద్ద దేశాల ప్రభుత్వాలే ఈ గనులు తవ్వుతున్నాయండీ" అనెను. నేను ఆనాడు వానికి సమాధానము చెప్పలేదు. సొమ్ము మాట యటుండనిండు. ప్రభుత్వములే త్రవ్వుచున్నవన్న మాట నా మనస్సున నాటుకొన్నది. రాజ్యము గనిలో చేయి పెట్టుట లోకమునకు క్రొత్త కాదు. మన కృష్ణ ఒడ్డుననే అది జరిగినది. దాని ఫలమేమైనదో మన పూర్వులు చూచిరి. ఆ పాతకథను చెప్పి, దాని వెలుగున ఈ క్రొత్తకథను పరిశీలింపవలెనని నా యుద్దేశము.

పదునేడవ శతాబ్దమున గోలకొండ కుతుబ్‌షాహీల యేలుబడిలో ఆ కొల్లూరు లోకప్రసిద్ధమైన వజ్రపుగని. ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియే ఆ శతాబ్దము నడుమ దానిని చూచి వ్రాసిన గ్రంథము 1676లో అచ్చుపడినది. ఫారసీ వారు ఆ చోటును కొల్లూరు అందురనియు, దేశస్థులు "గని" అందురనియు అతడు వ్రాసెను. తెలుగు మాటను ఊరిపేరుగా గ్రహించిన ఆ విదేశీయుని వ్రాత మనకు నేడు నవ్వు గొల్పును. అతనికి రమారమి నూఱేండ్లకు ముందు ఒక బీదవాడు జొన్నయో సజ్జయో చల్లుకొనుటకు నేల త్రవ్వుచుండగా ఇరువదియైదు క్యారట్ల తూకము గల రాయి దొరకెననియు, అది గోలకొండ వర్తకుల కంటబడినంతనే గని పుట్టెననియు అతడు వినెను. అతడు చూచునప్పటికి అచ్చట ఆడువారును, మగవారును, పిల్లలును కలిసి 60,000 మంది పనిచేయుచుండిరట.

పనిచేయు విధమును గూడ అతడు చక్కగా వర్ణించినాడు. మగవారు పది, పండ్రెండడుగుల లోతు, నీరు తగులువఱకు త్రవ్వుదురు. ఆడువారును, పిల్లలును ఆ మట్టిని మోసి, చుట్టును చిన్నగోడ గట్టిన కళ్లములో పోయుదురు. దానిపై నీరు పోసి నానబెట్టి, బురదనీరు వదలి, ఎండనిచ్చి, మన రైతు ధాన్యమును తూర్పార పట్టినట్లు చేటలతో చెఱిగి, గడ్డలను చిదిపి, మరల చెఱిగి, తుదకు చేతివేళ్లతో వెదకుదురు. గంపెడు మట్టిలో రాయి యుండవచ్చును, ఉండకపోవచ్చును. ముందుగా తెలిసికొను ఉపాయము లేదు. శ్రోతలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

ఇక రాజుగారి పాలు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియై మచిలీబందరున నుండిన మెత్‌వోల్డు అను ఆంగ్లేయుడు 1620 ప్రాంతమున ఈ గనిని చూచెను. గనిని కంసాలి కులస్థుడగు ఒక వర్తకుడు ఏటికి మూడులక్షల వరహాలకు గుత్తకు పుచ్చుకొన్నాడనియు, పది క్యారట్లకు మించిన రాయి యేది దొరకినను అది రాజుగారిదే యనియు అతడు వ్రాసెను. అనగా నష్టము గుత్తదారునిది, శ్రమ కూలివానిది, మేలిరాయి రాజుది. అతని కాలముననే గని కొంతకాలము మూతపడెను. రాళ్లు మిక్కిలిగా వచ్చినచో వెల పడిపోవునని రాజు భయపడెనని కొందఱును, మొగలు చక్రవర్తి రాయబారి వచ్చి మేలిరాళ్లను కోరుటయే కారణమని కొందఱును చెప్పుకొనిరట. సంపద పెరిగినకొలది పొరుగురాజు కన్ను పడుట అప్పుడే మొదలైనదన్నమాట.

ఇంత కట్టుదిట్టము చేసిన రాజ్యమునకు సొత్తు దక్కినదా? దక్కలేదు. అది ఎచ్చటెచ్చట జాఱిపోయినదో చూతము.

మొదటిది కూలివాడు. రావల్కొండ యను మఱియొక గనిలో పనివానికి ఏడాదికి మూడు వరహాలు కూలియనియు, వారు దొంగిలింపకుండ కావలివారిని బెట్టినను చిన్నరాళ్లను మ్రింగుచుందురనియు, ఒకడు కంటికొలికిలో రాయిని దాచి పట్టుబడెననియు టావెర్నియే వ్రాసెను. మూడు వరహాలతో ఏడాది గడుపవలసినవాడు ఆ పనికి పాల్పడుటలో వింత యేమి? ఐనను ఇది చిల్లరదొంగతనము. దీనివలన రాజ్యములు కూలవు.

రెండవది పెద్దరాయి. 1698 ప్రాంతమున ఈ కృష్ణాతీరపు గనులలో 410 క్యారట్ల రాయి దొరకెను. అప్పటికి గోలకొండ మొగలుల వశమైనది. దానిని దొరకించుకొన్న బానిస తన కాలిపిక్కను కోసికొని, ఆ గాయములో దాచి, కట్టుకట్టుకొని పాఱిపోయెననియు, ఓడదొర యొకడు వానిని చంపి రాయిని కాజేసెననియు కథ గలదు. కథ యెట్లున్నను, 1702 నాటికి ఆ రాయి చెన్నపట్టణపు గవర్నరు థామస్ పిట్ చేతిలో నున్నమాట చరిత్ర. ఒక వర్తకునికి 48,000 వరహాలిచ్చి అతడు దానిని కొనెను. నేడది ప్యారిసునందు లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. పెద్దరాయి పాలకునిదే యను శాసనము రాయిని ఆపలేకపోయినది.

మూడవది మంత్రి. మీర్ జుమ్లా యనువాడు పారసీకమునుండి వచ్చి, వజ్రవ్యాపారమున కోట్లు గడించి, గనులను గుత్తకు పట్టి, గోలకొండ ప్రభువునకు మంత్రియై, తుదకు ప్రభువుతో వైరము పెట్టుకొని 1656లో షాజహాను కొలువు చేరెను. చేరునప్పుడు చక్రవర్తికొక మహావజ్రమును కానుకగా నిచ్చెను. అదియే కోహినూరని కొందఱును, కాదని కొందఱును వాదింతురు. కాని ఆ కానుకకంటె విలువైనది గోలకొండ లోగుట్టు. అదియు అతనితోడనే ఢిల్లీ చేరినది. ఆ యేడే ఔరంగజేబు గోలకొండపై దండెత్తెను.

నాలుగవది, కడపటిది, ద్వారము. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి యెనిమిదినెలలు కూర్చుండెను. ఫిరంగులకు ఆ గోడలు లొంగలేదు. సొరంగములు త్రవ్వి మందుగుండు పెట్టగా అవి యెదురుతిరిగి మొగలు సైనికులనే పొట్టబెట్టుకొనెను. వానలు, కఱవు, రోగము మొగలు దండును పీడించెను. అంతటి కోట తుదకెట్లు పడినది? అబ్దుల్లాఖాన్ పన్ని యను కోటలోని సర్దారు లంచము తిని, అర్ధరాత్రమున ఒక చిన్నద్వారమును తెఱచెను. అదే కోటలో అబ్దుర్రజాక్ లారి యను మఱియొక సర్దారుండెను. అతడు మొగలులు చూపిన ఆశలనన్నిటిని తిరస్కరించి, ఒడలెల్ల గాయములతో పడిపోవువఱకు పోరాడెను. కాని వేయిమంది లారీలు కాపాడిన కోటను ఒక్క పన్ని తెఱవగలడు. తానాషా పట్టుబడి దౌలతాబాదు చెఱలో కన్నుమూసెను.

ఆ గని తరువాత క్షీణించి, పంతొమ్మిదవ శతాబ్దమున పాడువడినది. 2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైన పిదప ఆ కొల్లూరు ప్రాంతము జలాశయమున మునిగిపోయినది. 45 టి.ఎం.సి.లకు పైబడిన నీరు ఇప్పుడా గుంటలపై నిలుచుచున్నది. ఆ నీరు మన డెల్టా పైరులకు ఆధారము. ఆ యానకట్టకు చేర్చి 120 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రమును గట్టిరి. ఒకనాడు వజ్రములు పుట్టినచోట నేడు విద్యుత్తు పుట్టుచున్నది. నా శిష్యుడు చెప్పిన క్రొత్త గనులకు కావలసిన ముఖ్యవస్తువు ఆ విద్యుత్తే. అందుచేత ఇక క్రొత్తకథకు వత్తము.

బిట్‌కాయిను అనగా చేతబట్టుకొను నాణెము కాదు. అది ఒక ఖాతాపుస్తకములోని పద్దు. మన ఊళ్లలో 1984 వఱకు కరణముగారుండిరి. భూమి యెవనిదో, శిస్తు యెంతయో వారి లెక్కలలో నుండెడిది. ఆ పుస్తకము ఒక్కరిచేతిలో నుండుటచే, కరణము ధర్మాత్ముడైనచో ఊరికి మేలు, కానిచో కీడు. 2008 అక్టోబరులో సతోషి నకమోటో యను మాఱుపేరుతో నొకరు ఒక చిన్న వ్యాసమును వెలువరించిరి. కరణము లేని లెక్కలపుస్తకమును నడుపు ఉపాయము దానిలో నున్నది. 2009 జనవరిలో ఆ పుస్తకము ప్రారంభమైనది. లోకమందలి వేలకొలది కంప్యూటర్లలో దాని ప్రతి యున్నది. ఒక ప్రతిని దొంగతనముగా దిద్దినను, తక్కినవి దానిని ఒప్పుకొనవు.

సుమారు పదినిమిషముల కొకసారి ఆ పుస్తకములో ఒక పుట ముగియును. ఆ పుటకు ముద్ర వేయువాడెవడు? అందుకొక పందెమున్నది. పుటలోని లెక్కకు ఏదో యొక సంఖ్యను చేర్చి, నియమితమైన గణితవిధానమున నడిపినచో ఒక పెద్ద అంకె వచ్చును. ఆ యంకె ముందుగా నిర్ణయించిన మేరకంటె చిన్నది కావలెను. ఏ సంఖ్యను చేర్చిన అట్లగునో ముందుగా తెలియదు. ఒక్కొక్కదానినే వేసి చూడవలెను. కొల్లూరు ఆడువారు గంప తరువాత గంప చెఱిగినట్లు, కంప్యూటర్లు క్షణమునకు లెక్కకు మిక్కిలి సంఖ్యలను చెఱుగుచుండును. ముందుగా దొరకించుకొన్నవాడు పుటను ముద్రించి, బహుమానముగా క్రొత్తనాణెములను పొందును. దీనినే గనిత్రవ్వకమన్నారు. మొదట పుటకు 50 నాణెములుండగా, సుమారు నాలుగేండ్ల కొకసారి సగము చేయబడుచు 2024 ఏప్రిలునుండి 3.125 అయినది. మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు. వెల పడిపోకుండ గనిని మూసిన గోలకొండ రాజు ఉపాయమును ఇచ్చట గణితములోనే కట్టివేసిరి.

ఈ చెఱుగుటకు అగు విద్యుత్తు సామాన్యము కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారి అంచనాలను బట్టి సంవత్సరమునకు పదివేలకోట్ల యూనిట్లకు మించును. అనేక దేశములు దేశమంతటికిని అంత వాడవు. కాబట్టియే ఈ వ్యవహారమున ప్రభుత్వములు చేయిపెట్టక తప్పినది కాదు.

అవి చేసిన పనులు ఒకదానితో నొకటి పొసగవు. మన పొరుగుననున్న భూటాను తన కొండనదుల జలవిద్యుత్తుతో ప్రభుత్వసంస్థచేతనే త్రవ్వించుచున్నది. వానకాలమున మిగిలిపోవు విద్యుత్తునకు అది యొక వినియోగము. ఎల్‌సాల్వడోరు 2021 సెప్టెంబరులో బిట్‌కాయినును చట్టబద్ధమైన నాణెముగా జేసి, అగ్నిపర్వతపు వేడితో పుట్టిన విద్యుత్తుతో త్రవ్వ నారంభించెను. అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి ఋణమునకై 2025 జనవరిలో, దానిని ఎవరును తప్పక పుచ్చుకొననక్కఱలేదని చట్టమును సవరించుకొనెను. ఇరాను 2019లో త్రవ్వకమును పరిశ్రమగా గుర్తించి, 2021 వేసవిలో ఊళ్లలో దీపములాఱిపోవుచుండగా కొన్ని నెలలపాటు నిషేధించెను. అంతకుముందు లోకములోని త్రవ్వకమున సగమునకు మించి నడచిన చీనాదేశము 2021లో దానిని నిషేధించెను. అమెరికా 2025 మార్చిలో బిట్‌కాయిను నిధిని స్థాపించెను. ఆ నాణెములు త్రవ్వినవి కావు. నేరస్థులనుండి జప్తు చేసినవి.

మన దేశమున ప్రభుత్వము త్రవ్వకమునకు దిగలేదు. 2018లో రిజర్వుబ్యాంకు, ఈ వ్యాపారులకు బ్యాంకులు సేవ చేయరాదని యాజ్ఞాపించెను. 2020 మార్చిలో సుప్రీముకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసెను. 2022 ఏప్రిలు మొదలు ఇట్టి ఆస్తులపై వచ్చిన లాభమున నూటికి ముప్పదివంతులు పన్ను. పన్ను వేసినంతమాత్రమున ప్రభుత్వము హామీ యిచ్చినట్లు కాదు. ఈ భేదమును గ్రామములలో పెక్కుమంది గుర్తింపకున్నారు.

ఇక ఈ త్రవ్వకమును దేశరక్షణతో ముడిపెట్టు వాదమొకటి బయలుదేరినది. అమెరికా సేనలో మేజరుగా నుండిన జేసన్ లౌరీ 2023లో దీనిపై ఒక గ్రంథము వ్రాసెను. అంతర్జాలమున దాడి చేయువానికి ఖర్చు లేదు, అందుచేతనే దాడులు పెరుగుచున్నవి. బిట్‌కాయిను పుస్తకమును దిద్దదలచినవాడు మాత్రము, నిజవిద్యుత్తును కొండలుగా తగులబెట్టవలెను. అట్టి ఖర్చే కోటగోడ. కాబట్టి దేశములు త్రవ్వకమును ఆయుధబలముగా నెంచవలెను. ఇది అతని వాదసారము.

ఈ వాదమును పరిహసించుట తగదు. దీనిలో నిజమున్నది. 2010 ఆగస్టులో ప్రోగ్రాములోని లోపమువలన లేని నాణెములు పుట్టగా, దానిని కొన్ని గంటలలో సరిదిద్దిరి. అది తప్ప ఆ పుస్తకపు గోడ బీటలువాఱినట్లు వినము. కాని గోలకొండ గోడలును బీటలువాఱలేదు గదా! సొత్తు పోయినది గోడవలన కాదు, ద్వారమువలన. బిట్‌కాయిను చరిత్రయు అట్లే యున్నది. 2014లో టోక్యోలోని మౌంట్‌గాక్స్ అను అంగడిలో 8 లక్షల 50 వేల నాణెములు పోయినవని ప్రకటింపబడెను. తరువాత రెండులక్షలు మాత్రము దొరకినవి. 2024 జులైలో మన దేశపు వజీరెక్స్ అను అంగడినుండి సుమారు రెండువేలకోట్ల రూపాయల విలువగల సొత్తు పోయినది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అను అంగడినుండి 150 కోట్ల డాలర్ల సొత్తు దొంగిలింపబడగా, అది ఉత్తరకొరియావారి పనియని అమెరికా విచారణసంస్థ ప్రకటించెను. ఒక ప్రభుత్వమే దొంగయగుట ఈ కాలపు విపరీతము. వీనిలో ఏ చోటను దొంగలు లెక్కలపుస్తకమును దిద్దలేదు. తాళపుచెవులుండు చోటికే పోయిరి.

దూరదేశపు మాటలు చాలును. మన యింటి సంగతి చూతము. 2017 మే 12వ తేదీన వన్నాక్రై యను మహమ్మారి 150 దేశములలో లక్షలకొలది కంప్యూటర్లను పట్టుకొన్నది. అది దస్త్రములకు తాళము వేసి, మూడువందల డాలర్ల విలువగల బిట్‌కాయినులిచ్చినగాని విప్పనని తెరపై వ్రాసి చూపెడిది. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణ, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలో కొన్ని కంప్యూటర్లు దాని పాలబడినవి. అప్పుడు మా కొల్లూరు గుంటూరు జిల్లాలోనిదే. దొంగలను పట్టుకొనవలసినవారి పెట్టెకే దొంగ తాళము వేసెను.

ఆ దొంగకు తాళము వేయు విద్య యెట్లబ్బినది? అమెరికా జాతీయభద్రతాసంస్థ తన శత్రువులపై ప్రయోగించుటకు దాచుకొన్న సాధనమొకటి ఆ యేడు ఏప్రిలులో బయటికి పొక్కినది. దానిని దుండగులు చేజిక్కించుకొనిరి. ప్రభుత్వపు ఆయుధశాలలోని వస్తువే ప్రభుత్వములపై తిరిగినది. మీర్ జుమ్లాతో గోలకొండ లోగుట్టు ఢిల్లీ చేరినట్లే యైనది. ఆ రంధ్రమును పూడ్చు మందును మైక్రోసాఫ్టువారు అంతకు రెండునెలలకు ముందే, మార్చిలోనే యిచ్చియుండిరి. ఉచితముగా నిచ్చిన గడియను వేసికొనని యిండ్లే దోపిడికి గుఱియైనవి.

రెండవ యుదాహరణము ఇంకను విచిత్రమైనది. 2018 సెప్టెంబరులో మన దేశపు భద్రతాపరిశోధకులు కొందఱు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు వెబ్‌సైట్లలో కొన్ని దొంగచాటుగా గని త్రవ్వుచున్నవని కనిపెట్టిరి. పురపాలకశాఖ డైరెక్టరువారిది, తిరుపతి నగరపాలకసంస్థది, మాచర్ల పురపాలకసంఘముది వానిలోనివి. ఎవరో ఆ పుటలలో చిన్న ప్రోగ్రామును దూర్చిరి. పన్ను కట్టుటకో, జనన ధ్రువపత్రమునకో పౌరుడు ఆ పుటను తెఱచినంతసేపు, అతని కంప్యూటరు అతనికి తెలియకయే ఎవరికో నాణెములకై సంఖ్యలను చెఱుగుచుండెడిది. ఇట్టి దొంగత్రవ్వకమున సాధారణముగా పుట్టించునది బిట్‌కాయిను కాదు, మొనీరో యను వేఱొక నాణెము. విద్యుత్తు పౌరునిది, పరువు ప్రభుత్వముది, లాభము దొంగది. మాచర్ల యనగా పల్నాడే. కొల్లూరు గని యున్న సీమయే. మూడువందలయేండ్లకు పైబడి ఆ సీమలో మరల ప్రభుత్వము పేర గని నడచినది. ఈసారి ప్రభుత్వమునకే తెలియకుండ నడచినది!

ఇట్టివి ఆ తరువాతను ఆగలేదు. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లకు తాళముపడి, రోగులకు చీట్లను చాలదినములు చేతితో వ్రాసి యిచ్చిరి. బిట్‌కాయిను గోడ ఎంత యెత్తైనను ఈ రోగులకు అక్కఱకు రాలేదు.

కాబట్టి నాకు తోచిన సిద్ధాంతమిది. ప్రభుత్వము గని త్రవ్వవచ్చునా, కూడదా యన్నది విద్యుత్తు మిగులునా, చాలదా యను లెక్కతో తేలవలసిన విషయము. భూటాను కొండలలో సరిపడిన లెక్క, మోటార్లకొఱకు రైతు రాత్రింబవళ్లు కాచుకొనుచోట సరిపడకపోవచ్చును. కాని గని త్రవ్వుటయే దేశరక్షణ యనుట మాత్రము పొరపాటు. రక్షణ గనిలో లేదు, గడపలో నున్నది. గడపను కాచుకొనలేని రాజ్యము ఎంత సొత్తు గడించిన అంత దొంగలను పిలిచినట్లు.

గడపను కాచుపని మన దేశమున ఆరంభము కాకపోలేదు. 2004లో కంప్యూటరు అత్యవసరములను చూచు సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ యేర్పడినది. 2013లో జాతీయ సైబరు భద్రతావిధానమును ప్రకటించిరి. ఏ కార్యాలయమున దాడి జరిగినను, తెలిసిన ఆఱుగంటలలో సెర్ట్-ఇన్‌కు తెలుపవలెనని 2022 ఏప్రిలులో ఉత్తరువైనది. ఈ ఉత్తరువు మంచిది. దొంగతనమును దాచినవాడు దొంగకు మఱియొక యిల్లు చూపినవాడగును. కాని ఉత్తరువులు ఢిల్లీలో నుండును, గడపలు ఊళ్లలో నుండును. 2019లో గ్రామసచివాలయములు వచ్చినది మొదలు మన భూముల లెక్కలు, పింఛనుల లెక్కలు ఊరిలోని కంప్యూటరుతో ముడిపడినవి. దాని రహస్యపదము గోడమీద వ్రాసియున్నదా? మైక్రోసాఫ్టు మందువంటి మరమ్మతులు ఎప్పటికప్పుడు వేయుచున్నారా? లెక్కలకు మఱియొక ప్రతి వేఱొకచోట నున్నదా? గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలడుగుటకు ఇంగ్లీషు చదువు అక్కఱలేదు. మన తండ్రులు కరణముగారిని శిస్తులెక్క అడిగినట్లు మనము అడుగవచ్చును.

పరులకు చెప్పబోవుచు నా తప్పును దాచుట న్యాయము కాదు. నా బ్యాంకు రహస్యపదమును మఱచిపోదునేమోయని పంచాంగము అట్టవెనుక వ్రాసియుంచుకొంటిని. తిథి చూచుకొనుటకై ఆ పంచాంగమును ఇరుగుపొరుగువారెల్లరు తీసికొనిపోయెడివారు. ముప్పదియైదేండ్లు గోలకొండ పాఠము చెప్పితిని గాని, నా గడపకు గడియ పెట్టుకొనవలెనని తోచలేదు.

వెనుకటి వేసవిలో ఆ శిష్యుడు మరల వచ్చెను. మాట తడబడుచుండెను. ఆ ఫోనులోని గని, నెలరోజులు లాభములను చూపి, ఒకనాడు తెఱచుకొనుట మానివేసినదట. అందులో త్రవ్వకము జరిగినదో లేదో ఎవరికి తెలియును? ప్రభుత్వములు త్రవ్వుచున్నవన్న మాట నిజమే. ఆ నిజమును ఎరగా గ్రుచ్చి ఎవడో వీనిని పట్టుకొన్నాడు. "మాస్టారూ! ఆ రోజు మీరు వద్దని ఒక్క మాటంటే మానేసేవాణ్ణండీ" అనెను. ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. గురువు మౌనముగా నుండుటయు ఒక ద్వారమును తెఱచియుంచుటయే. ఇద్దఱమును కూర్చుండి 1930 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిమి. సైబరు మోసములకై కేంద్రప్రభుత్వము వారు ఏర్పఱచిన సంఖ్య యిది. సొమ్ము పోయిన గంటలోపల చెప్పినచో అది దాటిపోకుండ ఆపుట కవకాశము హెచ్చు. వాడు సిగ్గుపడి మూడు వారములు దాచినాడు. పిమ్మట వాడు నా పంచాంగము అట్టను చింపి, క్రొత్త రహస్యపదము పెట్టి, దానిని నాకు కంఠస్థము చేయించినాడు. వానికి నేను అమరము వల్లె వేయించిన రోజులు జ్ఞప్తికి వచ్చినవి.

పెద్దలారా! మీ యిండ్లలోని పిల్లలు రేపు ఏ గనిమాటతోనో మీ యొద్దకు వత్తురు. తెలియదని మౌనము వహింపకుడు. గని యెచ్చట నున్నదని గాక, దాని తాళపుచెవి యెవనియొద్ద నున్నదని యడుగుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడక వెంటనే చెప్పుమని ముందుగానే వారికి ధైర్యమిండు.